కమ్యూనిటీ కాలేజీలో అమ్మాయిల వాటర్ పోలో, ఈత: మొదటి ఏడాదికి తయారవడం ఎలా

కాలిఫోర్నియాలోని రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల్లో అమ్మాయిల వాటర్ పోలో, అంటే నీళ్ళలో తేలుతూ బంతిని గోల్‌లో వేసే జట్టు ఆట, ఆగస్టులో మొదలై నవంబరులో ముగుస్తుంది. ఈత పోటీల సీజన్ జనవరి, ఫిబ్రవరిల్లో మొదలై మే మొదట్లో రాష్ట్ర పోటీలతో పూర్తవుతుంది. నాలుగేళ్ల యూనివర్సిటీల్లో అమ్మాయిల పోలో కూడా వసంతంలోనే వస్తుంది కాబట్టి అక్కడ రెండూ చేయడం కష్టం. ఇక్కడ ఒకే అమ్మాయి ఒకే విద్యా సంవత్సరంలో రెండు జట్లలోనూ ఉండొచ్చు, చాలామంది ఉంటారు కూడా.

హైస్కూల్లో బంతి పట్టని అమ్మాయికి ఇది మంచి అవకాశం. నీళ్ళలో ఒక్కో జట్టుకు ఏడుగురు కావాలి: గోల్‌కీపర్, ఆరుగురు ఫీల్డ్ ప్లేయర్లు. ఎనిమిదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు వాళ్ళే ఆడలేరు, బెంచ్ మీద మనుషులుండాలి. అందుకే ఈత బాగా వచ్చి, రోజూ ప్రాక్టీసుకు వచ్చే అమ్మాయిని కోచ్‌లు సాధారణంగా వద్దనరు. అయితే కొత్తవాళ్ళు మొదటి రెండు వారాల్లోనే మానేయడానికి ఎక్కువగా కారణమయ్యేది ఒకటుంది. బంతి విసరడం రాకపోవడం కాదు, కాళ్ళు నిలబెట్టకపోవడం. వేసవిలో చేసే పనిలో సగానికి పైగా కాళ్ళకే ఇవ్వండి.

ముందు కాగితాలు

ఏప్రిల్, మే నెలల్లోనే కోచ్‌కి మీరే ఈమెయిల్ రాయండి. మీ ఈత టైములు, ఏ కోర్సు చదవబోతున్నారు, ఎత్తు, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అన్నవి నాలుగు లైన్లలో చెబితే చాలు. ఎడమచేతి వాటమైతే తప్పక రాయండి. మైదానం కుడివైపు నుంచి గోల్ కొట్టడానికి వాళ్ళకి కోణం బాగా కుదురుతుంది, అలాంటివాళ్ళు అరుదుగా దొరుకుతారు.

సీజన్లో ఉన్నన్నాళ్ళూ కనీసం 12 యూనిట్లలో (క్లాసులకు లెక్కగట్టే క్రెడిట్లు) నమోదై ఉండాలి. అందులో 9 యూనిట్లు డిగ్రీకో, ట్రాన్స్‌ఫర్‌కో, సర్టిఫికెట్‌కో లెక్కకొచ్చేవి కావాలి. అక్టోబరులో కెమిస్ట్రీ బరువైందని ఒక క్లాసు వదిలేస్తే 11కి పడిపోతారు. ఆ క్షణం నుంచి ఆడే అర్హత పోతుంది. తెలియక ఆడితే ఆ మ్యాచ్‌లను జట్టు మొత్తం కోల్పోవాల్సి రావచ్చు. కాబట్టి మొదటే 13, 14 యూనిట్లు తీసుకోండి. ఏదైనా వదిలే ముందు అథ్లెటిక్ కౌన్సెలర్‌ని అడగండి. ప్రాక్టీసు ఎక్కువ కాలేజీల్లో మధ్యాహ్నం ఉంటుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ ల్యాబులు కూడా అప్పుడే పెడతారు గనుక ఉదయం ల్యాబు సెక్షన్ కోసం రిజిస్ట్రేషన్ తెరుచుకున్న రోజే చూసుకోవాలి.

రాష్ట్ర నివాసులకు యూనిట్‌కి 46 డాలర్లు, అంటే 12 యూనిట్లకు 552. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉంటే చాలా ఎక్కువ కట్టాలి. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉన్నవాళ్ళు ఏడాదికి మించిన నివాసాన్ని నిరూపిస్తే రెసిడెంట్ ఫీజుకు అర్హులు కావచ్చు, అడ్మిషన్స్ ఆఫీసులో అడగండి. కమ్యూనిటీ కాలేజీలు ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఆర్థిక సహాయం కావాలంటే మామూలు విద్యార్థిలాగే దరఖాస్తు చేయాలి.

వీటితో పాటు వైద్య పరీక్ష, ఇన్సూరెన్స్ వివరాలు, ఇదివరకు చదివిన కాలేజీలన్నీ రాసే అర్హత ఫారం ఉంటాయి. వైద్య పరీక్షకు వెళ్ళినప్పుడే రక్తంలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12 చూడమని డాక్టర్‌ని అడగండి. ఇంట్లో శాకాహారమైతే మరీ ముఖ్యం. ఐరన్ తక్కువగా ఉన్న అమ్మాయి సెప్టెంబరుకల్లా అలసిపోతుంది, అది బద్ధకమని అందరూ పొరబడతారు.

ఎగ్‌బీటర్: నీళ్ళలో నిలబడటం

పోలోలో అడుగు నేలకు తాకకూడదు. చేతులేమో బంతికి, ప్రత్యర్థికి కావాలి. మిమ్మల్ని తేల్చేవి కాళ్ళే. అలా తేలడానికి కాళ్ళు తిప్పే పద్ధతే ఎగ్‌బీటర్.

కుర్చీలో కూర్చున్నట్టు నీళ్ళలో కూర్చోండి. వీపు నిటారుగా, ఛాతీ కాస్త ముందుకు. మోకాళ్ళు భుజాల కంటే వెడల్పుగా, వీలైనంత పైకి. పాదాన్ని ముంగాలి వైపు మడిచి, వేళ్ళు బయటికి తిప్పండి. ఇప్పుడు మోకాలి కింది భాగంతో గుండ్రంగా తిప్పుతూ, పాదం లోపలి అంచుతో, పిక్క లోపలి వైపుతో నీటిని కిందికి నొక్కాలి. పైనుంచి చూస్తే కుడికాలు గడియారం ముల్లుకు ఎదురు దిశలో, ఎడమకాలు ముల్లు దిశలో తిరుగుతాయి. రెండూ ఒకేసారి కాదు. కవ్వం తాడు రెండు కొసల్లాగా ఒకటి లాగుతుంటే ఇంకోటి వెనక్కి రావాలి.

తప్పు ఎక్కడుందో ఒంటి కదలికే చెబుతుంది. తల పైకీ కిందికీ ఊగుతుంటే రెండు కాళ్ళూ కలిసి తన్నుతున్నాయి, అది బ్రెస్ట్ స్ట్రోక్ కిక్. సైకిల్ తొక్కినట్టు అనిపిస్తే మోకాళ్ళు జారిపోయాయి. ఎంత తిప్పినా పైకి లేవకపోతే పాదం సాగిపోయి నీటిని పట్టుకోవడం లేదు. వెనక్కి జారుతుంటే వెనక్కి వాలుతున్నారు. ఫోన్‌ని నీళ్ళలో పట్టుకుని ఎవరైనా పది సెకన్లు వీడియో తీస్తే ఈ నాలుగూ స్పష్టంగా కనబడతాయి. వాటర్‌ప్రూఫ్ కవర్ మాత్రం మరవకండి.

మోకాలి లోపలి వైపు నొప్పి వస్తే ఆపండి. తుంటి తిరగాల్సినంత తిరగనప్పుడు ఆ భారం మోకాలి లోపలి లిగమెంట్ మీద పడుతుంది. చిన్నప్పటి నుంచి బాసింపట్టు వేసుకు కూర్చున్న అలవాటు తుంటిని బయటికి తిప్పడానికి పనికొస్తుంది. ఎగ్‌బీటర్‌కి లోపలికి తిరగడం కూడా కావాలి. నేల మీద కూర్చుని ముందు కాలు, వెనక కాలు రెండూ మోకాలి దగ్గర 90 డిగ్రీలు మడిచి, పక్కకి మారుస్తూ వైపుకి పదిసార్లు, రోజూ చేయండి.

ఇది నేర్చుకోడానికి అపార్ట్‌మెంట్ పూల్ పనికిరాదు. అయిదడుగుల లోతులో కాలు తెలియకుండానే నేలను వెతుక్కుంటుంది. ఊరి అక్వాటిక్ సెంటర్‌లో ఏడడుగులు, ఆపైన లోతున్న చోట, లైఫ్‌గార్డ్ ఉన్న వేళ చేయండి, ఒంటరిగా వద్దు.

మే చివరి నుంచి పది వారాలు, వారానికి నాలుగు రోజులు సరిపోతాయి. మొదటి మూడు వారాలు ముందు గట్టు మీద కూర్చుని ఒక్కో కాలు తిప్పడం, తర్వాత నీళ్ళలో చేతులతో నీటిని అటూ ఇటూ సవరిస్తూ 30 సెకన్లు చేసి 30 సెకన్లు ఆగడం, ఎనిమిది సార్లు. నాలుగో వారం నుంచి మణికట్లు నీటి బయట, నిమిషం చొప్పున ఆరుసార్లు. ఏడో వారం నుంచి మోచేతులు బయట, 30 సెకన్లు చొప్పున ఎనిమిది. చివరికి అయిదు నిమిషాలు ఆగకుండా, గడ్డం మునగకుండా నిలబడగలిగితే మొదటి ప్రాక్టీసులో తట్టుకుంటారు. నిలబడటంతో పాటు ముందుకి, పక్కలకి నడవడం కూడా చేయండి, రక్షణ ఆటంతా పక్క నడకే.

ఈత విషయానికొస్తే వంద యార్డులు రెండు నిమిషాలకొకసారి మొదలుపెడుతూ పదిసార్లు, ప్రతిసారీ 1:45 లోపు చేరేలా చేసుకోండి. దాని వెనకే తల బయట పెట్టి ఫ్రీస్టైల్, 25 యార్డులు ఎనిమిది సార్లు. తల లేపితే తుంటి మునుగుతుంది. కాళ్ళు గట్టిగా తన్నుతూ, చేతులు పొట్టిగా, మోచెయ్యి ఎత్తుగా వేయాలి. మెడ నొప్పెడితే చూపు మరీ పైకి పెట్టారని అర్థం. కళ్ళు నీటి మట్టాన్నే చూడాలి.

బంతి

కొనేటప్పుడు సైజు 4 అడగండి. చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 450 గ్రాములు. మగవాళ్ళ సైజు 5తో నేర్చుకుంటే వేళ్ళు సరిగా పట్టవు, భుజం పాడవుతుంది.

గోల్‌కీపర్ తప్ప ఎవరూ రెండు చేతులతో బంతి ముట్టకూడదు. తేలుతున్న బంతి కింద అరచేతిని పెట్టి లేపండి, లేదా పైనుంచి నొక్కి మణికట్టు తిప్పి తీసుకోండి. కుడిచేతి వాటమైతే ఎడమ భుజం గురివైపు, ఎడమకాలు ముందు, కుడికాలు వెనక. బంతి తల వెనక, మోచెయ్యి నీటికి పైన. ముందు వెనక కాలు తన్నాలి, తర్వాత నడుం తిరగాలి, చివర చెయ్యి, ఆఖరున మణికట్టు విదిలింపు. వేళ్ళ కొసల నుంచి వెళ్ళిన బంతి వెనక్కి తిరుగుతూ సూటిగా పోతుంది. పక్కకి గింగిరాలు తిరుగుతుంటే బొటనవేలు నెట్టేస్తోందన్నమాట.

భుజం నొప్పి అన్న ప్రతి కొత్తమ్మాయి కాళ్ళే ముందు చూడాలి. ఛాతీ నీళ్ళలో కూరుకుపోయి ఉంటే చెయ్యి ఒక్కటే విసరాల్సి వస్తుంది. రబ్బరు బ్యాండుతో మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి చెయ్యి బయటికి తిప్పే వ్యాయామం, 15 చొప్పున మూడుసార్లు, వారానికి మూడు రోజులు చేస్తే మంచిది.

ఒంటిమీద ఏముండాలి, ఏముండకూడదు

పోలో సూట్ మందంగా, మెడదాకా మూసుకుని, వీపున జిప్‌తో ఉంటుంది. రెక్క ఎముక దగ్గర బట్ట వేళ్ళకి దొరికిందంటే సైజు పెద్దది, ప్రత్యర్థి చేతికీ దొరుకుతుంది. ఈత పోటీల్లో మోకాళ్ళ దాకా వచ్చే సూట్ వేసుకోవచ్చు. ఇంకా ఎక్కువ కప్పే బట్టలు కావాలనుకుంటే సీజన్ మొదలయ్యే ముందే కోచ్‌తో మాట్లాడండి, మ్యాచ్ రోజున రిఫరీతో కాదు.

ముక్కుపుడక, చెవిపోగులు, గాజులు, మెడలో గొలుసు, కాళ్ళ పట్టీలు అన్నీ తీయాలి. ముక్కు కుట్టించుకోవాలనుకుంటే నవంబరు తర్వాత కుట్టించుకోండి. మానని రంధ్రంలోంచి పుడక తీస్తే పూడిపోతుంది. గోళ్ళు మొదలంటా కత్తిరించాలి. మ్యాచ్‌కి ముందు రిఫరీలు ఒక్కొక్కరి వేళ్ళూ తడిమి చూస్తారు.

ఒంటికి నూనె రాసుకుని దిగడం నిబంధనలకు విరుద్ధం. తలకు పట్టించిన కొబ్బరినూనె కూడా బంతిని జారుస్తుంది, లాటెక్స్ టోపీని పాడు చేస్తుంది. నూనె రాత్రి రాసుకుని తలస్నానం చేసి రండి. పూల్‌లో దిగే ముందు మంచినీళ్ళతో జుట్టు పూర్తిగా తడిపితే క్లోరిన్ తక్కువ పీలుస్తుంది. పొడుగు జడ ఉన్నవాళ్ళు ముడిని మెడ దగ్గర, కిందికి వేసుకోవాలి. పైన వేస్తే చెవి కప్పులున్న పోలో టోపీ పైకి జారి ఊడిపోతుంది. పూల్‌లు ఎక్కువగా ఆరుబయటివే కాబట్టి సన్‌స్క్రీన్ అవసరం. అరగంట ముందు రాసి ఆరనిచ్చి, అరచేతులు సబ్బుతో కడుక్కోండి.

నెలసరి రోజుల్లో ప్రాక్టీసు మానక్కర్లేదు. ప్యాడ్ నీళ్ళలో పనిచేయదు. టాంపాన్ గానీ కప్ గానీ కావాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వేసవిలో ఇంట్లో రెండు నెలలు అలవాటు చేసుకుంటే సెప్టెంబరులో కంగారుండదు. తల్లులు ఈ విషయం ముందే తేలిగ్గా మాట్లాడితే అమ్మాయికి పెద్ద బరువు దిగుతుంది.

తిండి ప్రాక్టీసుకి రెండు మూడు గంటల ముందు: పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ ఏదైనా సరే, వేపుళ్ళు వద్దు. తర్వాత గంటలోపు మాంసకృత్తులు పడాలి. వంద గ్రాముల ఎండు పెసలతో వేసిన పెసరట్లలో సుమారు 24 గ్రాములుంటాయి, అది చాలు. చల్లటి నీళ్ళలో దాహం తెలియదు, సీసా గట్టు మీద పెట్టుకుని సెట్‌కీ సెట్‌కీ మధ్య తాగుతుండాలి.

మొదటి మ్యాచ్‌ల్లో

విజిల్ నిమిషానికి చాలాసార్లు మోగుతుంది, భయపడకండి. ఎక్కువ భాగం సాధారణ ఫౌళ్ళు, ఆట ఆగదు. రిఫరీ చెయ్యి ఏ వైపు చూపితే బంతి ఆ వైపు దాడి చేసే జట్టుది. విజిల్ వినగానే చేతులు పైకి చూపి వదిలేయండి. కొత్తవాళ్ళు బయటికి వెళ్ళేది ఎక్కువగా ఇక్కడే: ప్రత్యర్థి చేతిలో బంతి లేనప్పుడు ఆమెని పట్టుకుంటారు, 20 సెకన్ల ఎక్స్‌క్లూజన్ (ఆట నుంచి బయట ఉండే శిక్ష) పడుతుంది. అలాంటివి మూడైతే ఆ మ్యాచ్ అయిపోయినట్టే. మీదికి ఎవరైనా వస్తున్నప్పుడు మీ చేతిలోని బంతి నీళ్ళ కిందికి వెళితే అదీ ఫౌలే, వాళ్ళు నొక్కినా సరే. దాడికి 30 సెకన్ల గడియారం ఉంటుంది. దాన్ని చూసే అలవాటు ప్రాక్టీసులోనే చేసుకోవాలి. బంతి ముందు లేకుండా రెండు మీటర్ల గీత దాటి గోల్ దగ్గర తచ్చాడకూడదు.

తలకి బంతో మోచెయ్యో తగిలి తలతిరుగుడు, వికారం, మసక ఉంటే వెంటనే బయటికి రావాలి, ఆ రోజు మళ్ళీ దిగకూడదు.

వసంతంలో ఈత

పోలో నుంచి వచ్చినవాళ్ళకి తల ఎత్తే అలవాటు ఉండిపోతుంది. మొదటి రెండు వారాలు స్నార్కెల్‌తో, చూపు పూల్ అడుగున పెట్టి ఈదితే అది పోతుంది. ఎగ్‌బీటర్ వల్ల బ్రెస్ట్ స్ట్రోక్ కిక్ మాత్రం బలపడుతుంది కాబట్టి వంద బ్రెస్ట్ తప్పక ప్రయత్నించండి. మలుపులోనూ ముగింపులోనూ రెండు చేతులూ ఒకేసారి గోడకి తగలాలి, లేకపోతే డిస్‌క్వాలిఫై చేస్తారు.

ఇక్కడ పోటీలు 25 యార్డుల పూల్‌లో. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 50 మీటర్ల పూల్‌లో వంద ఫ్రీస్టైల్ 1:10 ఈదినవాళ్ళు యార్డుల్లో సుమారు 1:01 నుంచి 1:02 అనుకోవచ్చు. కోచ్‌కి టైము రాసేటప్పుడు మీటర్లా యార్డులా అన్నది తప్పకుండా రాయండి. దూరం తగ్గడంతో పాటు మలుపులు పెరుగుతాయి. ఫ్లిప్ టర్న్ (గోడ దగ్గర నీళ్ళలో పల్టీ కొట్టి తిరగడం) రానివాళ్ళు ప్రతి గోడ దగ్గరా పోగొట్టుకుంటారు. ప్రాక్టీసు చివర పదిహేను మలుపులు, గోడకి చాలా దగ్గరికి వెళ్ళి తిరగకుండా, పాదాలు నీటి కింద అడుగు లోతున ఆనేలా చేస్తే నెల రోజుల్లో కుదురుతుంది.

రెండో ఏడాది పోలో ఆడాలంటే మొదటి సీజన్ మొదలైనప్పటి నుంచి 24 యూనిట్లు పూర్తయి, గ్రేడ్ల సగటు (జీపీఏ) 2.0కి తగ్గకుండా ఉండాలి. వసంతంలో తక్కువ తీసుకుంటే వేసవి క్లాసులతో నింపుకోవచ్చు, ఆ లెక్క మే నెలలోనే కౌన్సెలర్ దగ్గర చూసుకోండి. డేవిస్, ఇర్వైన్, శాన్ డియేగో, శాంటా బార్బరా వంటి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో అమ్మాయిల పోలో జట్లున్నాయి. అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయి ఆడాలనుకునేవాళ్ళు రెండో సీజన్ మ్యాచ్‌లన్నీ వీడియో తీయించి, తమ టోపీ నంబరు, ఆడిన క్వార్టరు రాసి దాచుకోవాలి.