పిల్లలకు లైకా కథ చెప్పాలంటే

సైన్స్ క్లబ్బులో పదేళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పడం నా పని. అంతరిక్షంలోకి వెళ్ళిన జంతువులు అనగానే పెద్దవాళ్ళు లైకాతో మొదలుపెడతారు. అలా చేయకండి. కుక్క చచ్చిపోయిందని వినగానే పిల్లల మనసు అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత మీరేం చెప్పినా చెవికెక్కదు.

ముందు ఒక ప్రశ్న వేయండి. బరువే తెలియని చోట గుండె సరిగ్గా కొట్టుకుంటుందా? మింగిన ముద్ద కడుపులోకి దిగుతుందా? 1940లలో డాక్టర్లకే జవాబు తెలియదు. బోర్డు మీద ఒకవైపు ప్రశ్నలు, ఇంకోవైపు ఆ జవాబు కోసం ఎవరిని పంపారో రాస్తూ వెళ్ళండి.

మొదటి పేరు ఈగ! పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని 1947 ఫిబ్రవరి 20న అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి వి-2 రాకెట్‌లో 109 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. రేడియేషన్ ఏం చేస్తుందో చూడ్డానికి. పారాచూట్ మీద ప్రాణాలతో దిగాయి. 1949లో ఆల్బర్ట్-2 అనే కోతి 134 కిలోమీటర్లు వెళ్ళింది కానీ పారాచూట్ పనిచేయక నేలను గుద్దుకుని చనిపోయింది. ఇక్కడ ఎక్కువసేపు ఆగొద్దు.

ఇప్పుడు లైకా. మాస్కో వీధికుక్క. వీధికుక్కే ఎందుకంటే చలికి, ఆకలికి తట్టుకుని బతికింది కాబట్టి. ఆడకుక్కే ఎందుకు? ఇరుకు క్యాబిన్‌లో మగకుక్కలా కాలెత్తే అవసరం ఉండదు కాబట్టి. క్లాసంతా పడీపడీ నవ్వుతుంది. నవ్వు చల్లారాక 1957 నవంబర్ 3 సంగతి చెప్పండి. అది వెళ్ళిన సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్-2ను తిరిగి కిందికి దించే ఏర్పాటే లేదు. ఆ సంగతి పంపినవాళ్ళకు ముందే తెలుసు. వాళ్ళలో ఒకరైన డాక్టర్ యజ్దోవ్‌స్కీ ప్రయోగానికి ముందు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి తన పిల్లలతో ఆడుకోనిచ్చాడు. రోజుల తరబడి బతికిందని అప్పట్లో ప్రపంచానికి చెప్పారు. క్యాబిన్ వేడెక్కి కొన్ని గంటల్లోనే చనిపోయిందని 2002లో బయటపడింది.

ఈ ముక్క ఉన్నదున్నట్టు చెప్పండి. నిద్రలోనే పోయిందని సర్దిచెప్పొద్దు. ఇష్టపడి వెళ్ళినట్టు కూడా చెప్పొద్దు, దాన్నెవరూ అడగలేదు. "మరి దించే ఏర్పాటు చేసుకున్నాకే పంపొచ్చుగా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. రష్యా విప్లవం 40వ వార్షికోత్సవానికి ఏదో ఒకటి ఎగరాలని పైనుంచి ఒత్తిడి, అందుకే హడావిడిగా కట్టారు. లైకా లాంటి కుక్కల్ని ప్రయోగానికి సిద్ధం చేసిన శాస్త్రవేత్త ఒలేగ్ గజెంకోయే 1998లో, దాని ప్రాణానికి తగినంత ఏమీ మనం నేర్చుకోలేదని బాధపడ్డాడు. నా ఉద్దేశంలో పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన మాట ఇదే. ఎవరైనా ఏడిస్తే ఏడవనివ్వండి, కంగారుపడి టాపిక్ మార్చకండి.

తర్వాత బెల్కా, స్ట్రెల్కా అనే రెండు సోవియట్ కుక్కలు. 1960 ఆగస్టు 19న వెళ్ళి మర్నాడు క్షేమంగా దిగాయి. ఆ తర్వాత స్ట్రెల్కాకు ఆరు పిల్లలు పుడితే, అందులో పుషింకా అనేదాన్ని కెన్నెడీ కుటుంబానికి బహుమతిగా పంపారు. క్లాసు మళ్ళీ తేలికపడుతుంది.

ఇక ఆట. 1961 జనవరి 31న హామ్ అనే చింపాంజీ 16 నిమిషాల 39 సెకన్లు ఎగిరింది. నీలం లైటు వెలిగితే అయిదు సెకన్లలోపు మీట నొక్కాలి. నొక్కితే అరటిపండు బిళ్ళ, నొక్కకపోతే అరికాళ్ళకు కరెంటు షాక్. మీరు షాక్ మానేసి మిగతాది చేయించండి. టార్చికి నీలం కాగితం చుట్టండి, వెలగ్గానే పిల్లలు బల్ల మీద చరచాలి, ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకోవాలి. మామూలుగా ఒకసారి, గిరగిరా తిరిగి వచ్చి ఒకసారి. రెండు టైములూ పక్కపక్కన రాయండి. పైన హామ్ చేయి నేల మీదకన్నా కాస్తంతే నెమ్మదించింది. రాకెట్‌లో మనిషి కూడా పని చేయగలడని ధైర్యం వచ్చింది, మే 5న అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్ ఎగిరాడు. ఇంకో సంగతి, హామ్ అనే పేరు తిరిగొచ్చాకే బయటపెట్టారు. అప్పటిదాకా అది 65వ నంబరు. ఎందుకలా చేసి ఉంటారో పిల్లల్నే అడగండి.

టైం మిగిలితే క్విజ్ పెట్టండి: చంద్రుణ్ణి చుట్టి ప్రాణాలతో తిరిగొచ్చిన తొలి ప్రాణుల్లో ఎవరున్నారు? అందరూ ఆర్మ్‌స్ట్రాంగ్ అని అరుస్తారు. జవాబు తాబేళ్ళు: 1968 సెప్టెంబర్, జోండ్-5 అనే సోవియట్ నౌక. దిగింది హిందూ మహాసముద్రంలో. మనుషులు డిసెంబర్‌లో గానీ చంద్రుడి దాకా వెళ్ళలేదు.