పదిహేను మందితో మైసూరు ప్యాలెస్ చూడాలంటే ఎలా?

సెలవుల్లో రెండు మూడు కుటుంబాలు కలిసి మైసూరు, ఊటీ టూర్ వేయడం మన దగ్గర మామూలే. ఆ టూర్‌లో ప్యాలెస్‌కి మిగిలేది చాలాసార్లు ఒక గంట. బయట డ్రైవర్ ఎదురుచూస్తున్నాడని అందరూ గబగబా తిరిగి వచ్చేస్తారు. నాకది చాలా బాధగా ఉంటుంది. ఆ కట్టడానికి ఒక రోజు కేటాయించండి.

ముందుగా, ఆ రోజు ఆదివారం అయ్యేలా చూసుకోండి. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో రాత్రి 7 గంటలకు ప్యాలెస్ అంతా దీపాలు వెలిగిస్తారు. దాదాపు లక్ష బల్బులు! ఆదివారం జనం ఎక్కువే, అయినా ఆ వెలుగు కోసం ఓర్చుకోవచ్చు. హైదరాబాద్ వాళ్లకైతే కాచిగూడ నుంచి నేరుగా రైలు ఉంది. శనివారానికే చేరుకుంటే పెద్దవాళ్లకు అలసట తీరుతుంది.

సందర్శకులను లోపలికి పంపేది పొద్దున 10 గంటలకు. అరగంట ముందే దక్షిణం వైపున్న వరాహ ద్వారం దగ్గరికి వెళ్లండి. టిక్కెట్ల లైన్లో ఒక్కరు నిలబడితే చాలు, మిగతావాళ్లు నీడలో కూర్చోవచ్చు.

చెప్పులు బయటే వదలాలి. గుంపుగా వెళ్లినప్పుడు ఎక్కువ టైమ్ పోయేది ఇక్కడే. ఒక పెద్ద గుడ్డసంచి తీసుకెళ్లి అందరి చెప్పులూ అందులో వేసి ఒకేసారి ఇచ్చేయండి. మధ్యాహ్నానికి ఆవరణలో నేల కాలిపోతుంది కాబట్టి పిల్లలకు, పెద్దవాళ్లకు సాక్సులు తప్పనిసరి. మా పిన్ని ఒకసారి ఆ ఎండలో నడవలేక సగంలోనే వెనక్కి వచ్చేసింది. అప్పటినుంచి నా బ్యాగులో సాక్సులు లేకుండా బయల్దేరను.

లోపలికి అడుగుపెట్టే ముందు అందరినీ ఒకచోట నిలబెట్టి ఈ కథ చెప్పండి. 1897లో రాకుమారి జయలక్షమ్మణ్ణి పెళ్లి వేడుకల్లో నిప్పంటుకుని పాత చెక్క ప్యాలెస్ కాలిపోయింది. అప్పుడు రాజ్యం చూసుకుంటున్న మహారాణి కొత్తది కట్టే పనిని హెన్రీ ఇర్విన్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్టుకు అప్పగించారు. 1912లో పూర్తయింది. ఖర్చు 41,47,913 రూపాయలు. ఇది తెలిశాక పిల్లలు ప్రతి స్తంభాన్నీ వేరే కళ్లతో చూస్తారు.

దారి మొత్తం ఒకే వైపుగా సాగుతుంది, తొందరపడినా ఉపయోగం లేదు. రెండు చోట్ల మాత్రం తప్పకుండా ఆగండి. ఒకటి కళ్యాణ మంటపం: ఎనిమిది పలకల హాలు, పైన నెమళ్ల బొమ్మలున్న రంగు అద్దాల కప్పు, దాన్ని మోసే ఇనుప స్తంభాలు గ్లాస్గో నుంచి తెప్పించినవి. తల ఎత్తి కనీసం అయిదు నిమిషాలు చూడండి. గోడల మీద దసరా ఊరేగింపు చిత్రాలు వరసగా ఉంటాయి, ఏనుగులను పిల్లలతో లెక్కపెట్టించండి. రెండోది అంబావిలాసం, మహారాజు ఆంతరంగిక దర్బారు. నా మనసులో మొదటి స్థానం దానిదే.

నలుగురైదుగురికి ఒక పెద్ద దిక్కుగా జట్లు కట్టండి. పదిహేను మంది ఒకేసారి కదలాలనుకుంటే ఎవరూ ఏదీ చూడలేరు. తప్పిపోతే ఫోన్ల కోసం టెన్షన్ పడకుండా చెప్పులు ఇచ్చిన చోటే కలుసుకోవాలని ముందే అనుకోండి.

ఒంటిగంటకల్లా బయటికొచ్చి భోజనం చేసి, పెద్దవాళ్లను రూముకు పంపండి. ఓపికున్నవాళ్లు చాముండి కొండకు వెళ్లిరావచ్చు. సాయంత్రం ఆరుంబావుకల్లా అందరూ మళ్లీ ప్యాలెస్ ముందుండాలి. దీపాలు చూడటానికి టిక్కెట్ అక్కర్లేదు. భవనానికి మరీ దగ్గరగా కాకుండా కాస్త వెనక్కి నిలబడితే గోపురాలన్నీ కంటికి ఆనుతాయి. అన్ని బల్బులూ ఒక్కసారిగా వెలిగే ఆ క్షణంలో ఫోన్ దించి కళ్లతో చూడండి, ఫోటోలకు ఇంకా చాలా టైమ్ ఉంటుంది.

దీపాలు ఆరగానే జనమంతా గేటు వైపు కదులుతారు. పది నిమిషాలు అక్కడే ఆగి, మనవాళ్ల తలలు లెక్కపెట్టుకుని బయల్దేరండి.