బరోలో లాంటి నిండైన రెడ్ వైన్‌ను రుచి చూడటం ఎలా?

రెడ్ వైన్ రంగు ఎంత ముదురుగా ఉంటే రుచి అంత నిండుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతపు బరోలో దగ్గర ఆ లెక్క తప్పుతుంది. నెబ్బియోలో అనే ఒకే రకం ద్రాక్షతో చేసే ఈ వైన్ రంగు పలచన, రుచి గట్టి. ఫుల్ బాడీ అంటే ఏమిటో కంటితో కాకుండా నాలుకతో తెలుసుకోవాలంటే దీనితోనే మొదలుపెట్టమంటాను.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. అందులోని సంవత్సరం ద్రాక్ష కోసిన ఏడాది. నిబంధనల ప్రకారం బరోలోను కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఇంకా ఎక్కువ కాలం నిల్వ ఉంచే రిజర్వా రకమైతే 62 నెలలు. బరోలో చేసే ఊళ్లలో లా మోర్రా వైన్లు సాధారణంగా కాస్త మృదువుగా, సెర్రలుంగా వైపువి మొండిగా ఉంటాయి. మొదటిసారికి లా మోర్రాది మేలు.

రెడ్ వైన్‌ను రూమ్ టెంపరేచర్‌లో తాగాలన్న మాట యూరప్ చలి ఇళ్లలో పుట్టింది. విజయవాడ ఎండల్లో అలా తాగితే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. 16–18 డిగ్రీలు ఉండాలి కాబట్టి బాటిల్‌ను గంట, గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత గాజు కూజాలోకి వంచి, ఏసీ గదిలో ఓ గంట గాలి తగలనివ్వండి. ఊరికే మూత తీసి ఉంచితే లాభం లేదు, ఆ సన్నని మెడలోంచి లోపలికి గాలి పెద్దగా ఆడదు.

పెద్ద గ్లాసులో మూడో వంతు పోసి, తెల్ల కాగితం మీద వంచి చూడండి. అంచున ఇటుక రంగు ఛాయ కనిపిస్తుంది. గ్లాసు తిప్పి వాసన చూస్తే గులాబీ, చెర్రీ, అతిమధురం, వాటి వెనక తారు వాసన. తారు లోపం కాదు, బరోలోకు పేరు తెచ్చిన వాసనల్లో అదొకటి.

ఇక అసలు పని. ఒక గుక్క తీసుకుని వెంటనే మింగకుండా చిగుళ్లకు, బుగ్గలకు తగిలేలా తిప్పండి. ముందు పులుపుకు నీరూరుతుంది. వెంటనే పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నోరు ఆరిపోతుంది. ద్రాక్ష తొక్కలు, గింజల్లోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల వచ్చే వగరు అది. చాలామంది దీన్నే ఫుల్ బాడీ అనుకుంటారు, కానీ రెండూ వేరు. చిగుళ్లు పట్టేయడం వగరు. నాలుక మీద ద్రవం చిక్కగా, బరువుగా ఆనడం బాడీ. అందులో ఆల్కహాల్ పాత్ర పెద్దది, బరోలోలో అది కనీసం 13 శాతం ఉండాలి. మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో కూడా గమనించండి.

ఇప్పుడు కారం తగ్గించి వండిన మటన్ ముక్క గానీ, ముదురు పర్మెజాన్ చీజ్ గానీ తిని మళ్లీ ఓ గుక్క తాగండి. మాంసకృత్తులు, కొవ్వు తోడై వగరు మెత్తబడుతుంది. గోంగూర మటన్ మాత్రం దీని పక్కన వద్దు. మిరప మంట, ఆల్కహాల్ వేడి ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని రెండు రుచులూ పాడవుతాయి.

మిగిలితే గట్టిగా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కొత్త బరోలో మర్నాడు ఇంకాస్త మెత్తగా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పూర్తి చేయండి.