లిక్స్‌లో రాసిన సమీకరణాన్ని అక్కడికక్కడే మాక్సిమాతో సాధించడం

లిక్స్ అంటే గణిత సూత్రాలతో పత్రాలు రాసుకునే సాఫ్ట్‌వేర్, మాక్సిమా అంటే సమాకలనాల వంటి లెక్కలను అక్షరాలతోనే చేసిపెట్టే సాఫ్ట్‌వేర్. లిక్స్‌లో టైప్ చేసిన సమాకలనాన్ని మళ్లీ మాక్సిమాలో కొట్టి, జవాబును చేత్తో ఎక్కించే పని అక్కర్లేదు. కర్సర్‌ను ఫార్ములా లోపలే ఉంచి ఎడిట్, మ్యాథ్, యూజ్ కంప్యూటర్ ఆల్జీబ్రా సిస్టమ్, మాక్సిమా వరుసగా ఎంచుకోండి. చివర సమాన గుర్తు పడి, దాని పక్కన ఫలితం వస్తుంది. ఎక్స్ సైన్ ఎక్స్ సమాకలనానికి సైన్ ఎక్స్ మైనస్ ఎక్స్ కాస్ ఎక్స్ వస్తుంది. స్థిరాంకం సి మాత్రం రాదు, మీరే కలపాలి.

ఏమీ రాకపోతే ముందు పాత్, అంటే ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ చిరునామా, చూడండి. మాక్సిమా విడిగా తెరుచుకుంటున్నా లిక్స్‌కు దాని ఫోల్డర్ తెలియకపోవచ్చు. టూల్స్, ప్రిఫరెన్సెస్, పాత్స్‌లోని పాత్ ప్రిఫిక్స్ గడిలో ఆ ఫోల్డర్ చేర్చండి.

తప్పులు ఎక్కువగా దొర్లేది గుణకారం దగ్గర. ఎ, బి అక్షరాలను ఆనించి రాస్తే వాటిని కలిపి ఒకే చలరాశి పేరుగా తీసుకునే ప్రమాదం ఉంది, అందుకే నడుమ నక్షత్రం గుర్తు పెట్టండి. సమాకలనం చివర డీఎక్స్ మరవొద్దు. ఎక్స్ ఘాతం ఎన్ లాంటివి ఇస్తే ఎన్ విలువ మైనస్ 1 అవునా కాదా అని మాక్సిమా ఎదురు ప్రశ్న వేస్తుంది. లిక్స్‌లో దానికి జవాబిచ్చే చోటు లేదు. అలాంటివి మాక్సిమాలోనే చేసుకోవడం మేలు.

ఫార్ములాలో ఇప్పటికే సమాన గుర్తు ఉంటే, చివరి గుర్తుకు కుడివైపు ఉన్నదే లెక్కకు వెళ్తుంది. ఎడమవైపు మార్చినా పాత ఫలితం తనంతట తాను మారదు. దాన్ని చెరిపి మళ్లీ నడపాలి.