గ్లైడర్ నడిపేవాళ్లు సైనిక విమానాల దారిలో పడకుండా ఎలా ఎగరాలి?

ఏప్రిల్ మధ్యాహ్నాల్లో వరంగల్ చుట్టుపక్కల పత్తి తీసేసిన నల్లరేగడి చేలు, గ్రానైట్ గుట్టలు కాగిపోయి వేడిగాలి పైకి లేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా గంటలకొద్దీ తిరిగేది ఆ గాలి మీదే. ఇంజిన్ లేని గ్లైడర్ పైకి లేచేది కూడా దాని మీదే. పైలట్లు దాన్ని థర్మల్ అంటారు.

కానీ ఆకాశం గ్లైడర్ ఒక్కదానిదే కాదు. హైదరాబాద్ శివార్లలో దుండిగల్, హకీంపేట, సరిహద్దు దాటితే బీదర్. మూడు చోట్లా వైమానిక దళం పైలట్లకు శిక్షణ నడుస్తుంది. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరు పైలట్లను బలిగొన్న పిలాటస్ శిక్షణ విమానం దుండిగల్ అకాడమీదే. మన ఊళ్ల మీద శిక్షణ విమానాలు తిరుగుతాయనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. గ్లైడింగ్ నేర్చుకుందామని పుణె వెళ్లేవాళ్లకూ ఇదే పరిస్థితి. హడప్సర్ గ్లైడింగ్ మైదానానికి దగ్గర్లోనే సుఖోయ్-30లు ఎగిరే లోహెగావ్ స్థావరం ఉంది. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్ట్‌కు 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది కాబట్టి రేపు వరంగల్ ఆకాశం కూడా ఇప్పటిలా ఖాళీగా ఉండదు.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు, ఈ సరదా ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుందని రాస్తున్నాను. మీ శిక్షకుడు చెప్పినదానికి ఇది తోడు మాత్రమే.

ముందు ఈ లెక్క చూడండి

"కనిపిస్తే తప్పుకుందాంలే" అనే ధీమా జెట్ ముందు పనికిరాదు. కంటికి ఏదో కనిపించి, అది విమానమని పోల్చుకుని, గుద్దుకునేలా ఉందని గ్రహించి, ఎటు తిప్పాలో తేల్చుకుని, స్టిక్ కదిపితే విమానం నిజంగా పక్కకు జరగడానికి మొత్తం 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ లెక్కగట్టింది. గంటకు 780 కిలోమీటర్ల వేగంతో జెట్, 100 కిలోమీటర్ల వేగంతో మీరు ఎదురెదురుగా వస్తుంటే ఆ 12.5 సెకన్లలో ఇద్దరి మధ్య మూడు కిలోమీటర్ల దూరం కరిగిపోతుంది. అంటే ఇద్దరిలో ఒకరైనా మూడు కిలోమీటర్ల అవతలి నుంచే రెండోవారిని గుర్తుపట్టాలి. అంత దూరంలో 15 మీటర్ల గ్లైడర్ రెక్క, చెయ్యి చాపి పట్టుకున్న బియ్యపు గింజలో సగం పొడవు కూడా కనిపించదు. పైగా రంగు తెలుపు. ఎండకు రెసిన్ మెత్తబడకూడదని ఫైబర్ గ్లైడర్లన్నిటికీ దాదాపు తెల్లరంగే వేస్తారు. వరి కొయ్యకాళ్లు తగలబెట్టే రోజుల్లో, ఆ మసక వెలుగులో దాన్ని ఎవరు పోల్చుకుంటారు?

అందుకే అసలు పనంతా నేల మీదే జరగాలి. మీరు అక్కడ ఉంటారని వాళ్లకు ముందే తెలియాలి, వాళ్లు ఎప్పుడు వస్తారో మీకు తెలియాలి.

1. నోటామ్ చదవండి, గంటలు సరిచూసుకోండి

ఫలానా రోజు, ఫలానా చోట సైనిక విన్యాసాలో ఫైరింగో ఉంటే నోటామ్ అనే ప్రకటన వస్తుంది. ముందు రోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు మరోసారి చూడాలి. కొత్తవాళ్లు తడబడేది టైమ్ దగ్గరే. 2604150430 అని ఉంటే 2026 ఏప్రిల్ 15, 04:30 అని అర్థం. అయితే అది యూటీసీ, అంటే ప్రపంచమంతా ఒకే లెక్కగా వాడే టైమ్. మన టైమ్‌కు అయిదున్నర గంటలు కలపాలి. 04:30 నుంచి 07:30 వరకు అని ఉంటే తెల్లవారుజామున అయిపోతుందనుకుని పదింటికి తీరిగ్గా లేస్తే సరిగ్గా విన్యాసాల మధ్యకే వెళతారు. ఎందుకంటే అది మనకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు. థర్మల్స్ ఊపందుకునేదీ అప్పుడే.

ఎత్తుతో కూడా ఇదే చిక్కు. నోటామ్‌లో ఎత్తు సముద్రమట్టం నుంచి ఇచ్చారా, నేల నుంచి ఇచ్చారా అన్నది చూడండి. వరంగల్ నేలే సముద్రమట్టానికి సుమారు 900 అడుగుల ఎత్తున ఉంది. మైదానం మీద ఆల్టీమీటర్‌ను (ఎత్తు చూపే మీటరును) సున్నాకు పెట్టుకుని లేచారనుకుందాం. అది 2,500 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 3,400 దగ్గర ఉన్నారు. నోటామ్‌లో "సముద్రమట్టం నుంచి 3,000 అడుగుల పైన నిషేధం" అని ఉంటే మీరు అప్పటికే లోపలున్నట్టు.

మ్యాప్‌లో పీ, ఆర్, డీ అక్షరాలతో గీసిన ప్రాంతాలు నిషిద్ధ, నియంత్రిత, ప్రమాదకర ప్రాంతాలు. వాటి అంచు వెంట రాసుకుంటూ ఎగరకండి. గాలి వాలు మిమ్మల్ని లోపలికి నెట్టగలదు, బయటికి రావడానికి మీకు ఇంజిన్ లేదు.

2. మీరున్నారని చెప్పండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇది. గ్లైడింగ్ మైదానానికీ దగ్గర్లోని వైమానిక స్థావరానికీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఏ రోజులు, ఏ వేళలు, ఎంత ఎత్తు, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, అంతా అందులో ఉండాలి. పొద్దున్నే ఫోన్ చేసి "ఈరోజు మూడు గ్లైడర్లు, 11 నుంచి 4 వరకు" అని చెప్పాలి. ఎగరడం మానుకుంటే అది కూడా చెప్పాలి. లేకపోతే వాళ్లు మీ ఫోన్‌ను పట్టించుకోవడం మానేస్తారు. ఫ్లైట్ ప్లాన్, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ లాంటి అనుమతుల సంగతి మీ క్లబ్ చూసుకున్నా, వచ్చాయో లేదో మీరు అడిగి తెలుసుకోండి.

ఆదివారం కదా, వాళ్లు ఎగరరు అనుకోవద్దు. వానాకాలంలో ములుగు, భూపాలపల్లి వైపు వరదలొస్తే సహాయానికి వచ్చే హెలికాప్టర్‌కు సెలవులుండవు. అది తక్కువ ఎత్తులోనే వస్తుంది.

3. వించ్ లాగే ముందు ఒక్క నిమిషం

వించ్ అంటే నేల మీద ఉండి తాడును చుట్టుకుంటూ లాగే యంత్రం. దాని తాడు గ్లైడర్‌ను వెయ్యి అడుగుల పైదాకా తీసుకెళుతుంది. తక్కువ ఎత్తులో వచ్చే హెలికాప్టర్‌కు ఆ తాడు కనిపించదు. నేల మీద గ్లైడర్ రెక్క పట్టుకున్న మనిషి తల తిప్పి పైనా వెనకా ఖాళీ అని చూసి చెప్పాకే తాడు బిగించాలి. అనుమానం వస్తే ఆపేయాలి, ఎవరినీ అడగక్కర్లేదు.

4. గాలిలో ఉన్నప్పుడు

పైకి లేస్తున్నామా దిగుతున్నామా చూపే వేరియోమీటర్ మీదే చూపు నిలబడిపోతుంది, అందరికీ జరిగేదే. ఆకాశాన్ని చిన్న ముక్కలుగా చేసుకుని ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను చూపు ఆపండి. చూపు గబగబా తిప్పితే ఏమీ కనిపించదు. ఖాళీ ఆకాశాన్ని చూస్తూ ఉంటే కన్ను దగ్గరి దూరానికి సర్దుకుపోతుంది, కాబట్టి మధ్యమధ్యలో దూరంగా ఉన్న గుట్టనో మేఘం అంచునో చూడాలి.

కానోపీ (పైలట్ మీది అద్దపు కప్పు) మీద కదలకుండా ఒకేచోట ఉండి పెద్దదవుతున్న చుక్కే ప్రమాదం. పక్కకు జరిగిపోయేది దాటి పోతుంది.

మేఘం అడుగున అంటుకుని తిరగొద్దు. కనీసం 1,000 అడుగులు వదలండి, మేఘంలోంచి ఏది బయటికొస్తుందో తెలియదు. రేడియో వింటూ ఉండండి. చెప్పాల్సి వస్తే పొట్టిగా: "మామునూరుకు ఆగ్నేయంగా ఆరు కిలోమీటర్లు, నాలుగు వేల అడుగులు, రెండు గ్లైడర్లు, ఎడమకు తిరుగుతున్నాం."

గుద్దుకునే ప్రమాదాన్ని హెచ్చరించే ఫ్లార్మ్ పెట్టుకున్నామని ధైర్యం తెచ్చుకోకండి. 2004లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన ఆ పెట్టె గ్లైడర్‌కూ గ్లైడర్‌కూ మధ్య బాగా పనిచేస్తుంది. అవతలి విమానంలో కూడా అలాంటిది లేకపోతే అది గమ్మునుంటుంది, యుద్ధవిమానాల్లో సాధారణంగా ఉండదు. రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ ఉంటే రాడార్ దగ్గరున్న కంట్రోలర్‌కు మీరు కనిపిస్తారు. బ్యాటరీ ఖర్చయినా సరే, ఆన్‌లోనే ఉంచండి.

5. జెట్ కనిపిస్తే

ఇంజిన్ ఉన్న విమానం గ్లైడర్‌కు దారి ఇవ్వాలన్నది అంతర్జాతీయ నియమం. కానీ మీరు అతనికి కనిపించకపోతే ఆ నియమం మిమ్మల్ని కాపాడలేదు. వెంటనే రెక్కలు బాగా వాల్చి తిరగండి. పక్క నుంచి సన్నని గీతలా ఉండి కనిపించని రెక్క, వాల్చినప్పుడు వెడల్పుగా మెరుస్తుంది. ఎదురెదురుగా ఉంటే కుడికి. టెన్షన్‌లో ఆ ఒక్కదాన్నే చూస్తూ ఉండిపోకండి. జెట్‌లు తరచూ జంటగా వస్తాయి, రెండోది ఎక్కడుందో వెతకండి. దాటిపోయాక దాని వెనక దారిలోకి వెంటనే వెళ్లొద్దు, అది వదిలిన సుడిగాలి రెండు మూడు నిమిషాలు ఉంటుంది.

6. దిగాక

మరీ దగ్గరగా వచ్చిందనిపిస్తే, ఎవరూ గాయపడలేదు కదా అని వదిలేయొద్దు. దాన్ని ఎయిర్‌ప్రాక్స్ అంటారు, మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు తెలియజేయాలి. టైమ్, స్థలం, ఎత్తు, అది ఎటు నుంచి ఎటు వెళ్లింది, ఎండ ఎటువైపు ఉంది, గ్లైడర్‌లోంచి బయటికి రాకముందే కాగితం మీద పెట్టండి. అదే సాయంత్రం స్థావరానికి కూడా ఫోన్ చేసి చెప్పండి. తప్పు పట్టడానికి కాదు, ఆ పైలట్ మిమ్మల్ని చూశాడో లేదో తెలిస్తే ఒప్పందంలో ఏం మార్చాలో తెలుస్తుంది. ఎగిరిన దారిని నమోదు చేసే లాగర్‌లోని ఆ రోజు ఫైలు వేరేచోట దాచే వరకు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి.