నాలుగో తరగతి పిల్లల చదువు: ఈ నెల ఇంట్లో ఏం చేయించాలి

నా క్లాసులో ఎక్కువమంది నెల్లూరు జిల్లా పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటల ఊళ్ల పిల్లలే. ఈ నెల భాగహారం మొదలెట్టాం. శేషం దగ్గరే అందరూ తడబడుతున్నారు. ఎక్కాలు అప్పజెప్పించుకుంటే సరిపోదమ్మా. ఇంట్లో నిమ్మకాయలు ఎలాగూ ఉంటాయి కదా, 50 కాయలు ముందు పోసి సంచికి 8 చొప్పున వేయమనండి. 6 సంచులయ్యాక 2 కాయలు మిగుల్తాయి. ఆ రెండే శేషం. తర్వాత అదే లెక్క పలక మీద వేయించండి. ఎనిమిది ఆర్లు 48, దానికి 2 కలిపితే 50 వచ్చిందా లేదా పిల్లల్నే సరిచూసుకోమనండి. జవాబు మాత్రం మీరు చెప్పొద్దు. ఒకసారి చెప్పారంటే ఇక మీ మొహం చూడ్డమే వాళ్ల పని.

తెలుగులో ఒత్తులు నడుస్తున్నాయి. మీకు చదవడం రాకపోయినా పర్లేదు. వంట చేసుకుంటూనే పాఠం పైకి చదివించుకోండి, పది నిమిషాలు చాలు. ఎక్కడ ఆగితే ఆ మాట కింద పెన్సిలుతో గీత పెట్టించి పంపండి, మిగతాది నేను చూసుకుంటా. చదివాక ‘తర్వాత ఏమైంది?’ అని అడగండి. చెప్పలేకపోతే అక్షరాలు చదివినట్టే గానీ కథ చదివినట్టు కాదు.

హోంవర్కు పెద్దవాళ్లు రాసిస్తే చూడగానే తెలిసిపోతుంది. తప్పులున్నా సరే, పిల్లలు రాసిందే పంపండి.