కొత్తగా హెచ్‌ఓడీ అయినవారికి మొదటి సెమిస్టర్ పనులు

అఫిలియేటెడ్ (యూనివర్సిటీకి అనుబంధంగా ఉండే) ఇంజనీరింగ్ కాలేజీలో హెచ్‌ఓడీ, అంటే డిపార్ట్‌మెంట్ అధిపతి, ఎవరి జీతమూ పెంచలేరు, కొత్తవాళ్లను సొంతంగా తీసుకోలేరు, ఉన్నవాళ్లను పంపించనూ లేరు. చేతిలో ఉండేవి మూడే: ఎవరికి ఏ సబ్జెక్టు, ఎవరికి ఏ పీరియడ్, ఎవరికి ఏ అదనపు పని. ఈ మూడింటినీ నలుగురికీ కనిపించేలా పంచితే స్టాఫ్ మీ మాట వింటారు. చాటుగా పంచితే మొదటి నెలలోనే స్టాఫ్ రూమ్ రెండుగా చీలుతుంది.

ఛార్జ్ తీసుకునేటప్పుడు

పాత హెచ్‌ఓడీ ఇచ్చిన కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టకండి. డెడ్ స్టాక్ (శాశ్వత సామగ్రి) రిజిస్టర్, కన్స్యూమబుల్స్ (వాడితే అయిపోయే వస్తువుల) రిజిస్టర్ తీసుకుని ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌తో, ల్యాబ్ అసిస్టెంట్‌తో కలిసి ప్రతి ల్యాబూ తిరగండి. రిజిస్టర్‌లో 66 సిస్టమ్స్ ఉండి గదిలో 61 కనిపిస్తే, ఆ ఐదూ ఎక్కడున్నాయో రాయించండి: రిపేరుకు వెళ్లాయా, ఎగ్జామ్ బ్రాంచ్ తీసుకెళ్లిందా, స్క్రాప్‌లో పడ్డాయా. తేడాల జాబితా మీద ఇద్దరి సంతకాలూ పడ్డాకే ఛార్జ్ తీసుకోండి. ఇది మొహమాటపడే సందర్భం కాదు. రేపు ఆడిట్‌లో అడిగేది మిమ్మల్నే.

లోడ్ లెక్క

టైమ్‌టేబుల్ కంటే ముందు లోడ్ లెక్క, అంటే ఎవరు వారానికి ఎన్ని గంటలు చెప్పాలో, తేల్చాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు 14 గంటల చొప్పున నేరుగా బోధన. సెకండియర్ నుంచి ఫైనలియర్ దాకా ఏడాదికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 60 మంది అనుకుందాం. మొత్తం 360 మంది. టీచరుకు 20 మంది విద్యార్థులు అనే 1:20 నిష్పత్తిలో 18 మంది ఫ్యాకల్టీ కావాలి. 1:2:6 క్యాడర్ నిష్పత్తిలో ఇద్దరు ప్రొఫెసర్లు, నలుగురు అసోసియేట్లు, 12 మంది అసిస్టెంట్లు. వీళ్లందరి గంటలు కలిపితే 276.

ఇప్పుడు అవసరం ఎంతో చూడండి. ఒక సెక్షన్‌కు వారానికి 16 గంటల థియరీ, మూడేసి గంటల ల్యాబులు మూడు, ల్యాబుకు ఇద్దరు టీచర్లు. 16కు 18 కలిపితే 34. ఆరు సెక్షన్లకు 204. ఇంకా 72 గంటలు మిగిలాయి కదా అనిపిస్తుంది. ఒక అసిస్టెంట్ ప్రసూతి సెలవులో ఉండి, ఇద్దరు సెమిస్టర్ మధ్యలో వేరే కాలేజీలో చేరిపోతే 48 గంటలు ఎగిరిపోతాయి. మిగిలిన 24లోనే ఫస్టియర్ ప్రోగ్రామింగ్ ల్యాబులూ, ఫైనలియర్ ప్రాజెక్టులూ, మీ సొంత లోడ్ తగ్గింపూ సర్దాలి. అందుకే జాబితాలో ఎన్ని పేర్లున్నాయో కాదు, సోమవారం తొమ్మిదింటికి క్లాసులో నిలబడేవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. కొరత ఉంటే ఆ అంకెలతోనే, సెమిస్టర్ మొదలవకముందే, ప్రిన్సిపాల్‌కు లెటర్ పెట్టండి. నోటిమాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

సబ్జెక్టులు పంచడానికి ప్రతి ఒక్కరి దగ్గరా మూడు ప్రాధాన్యాలు రాయించుకోండి. ఒకే సబ్జెక్టును ఇద్దరు కోరితే గత మూడేళ్లలో ఎవరు ఎన్నిసార్లు చెప్పారో చూసి తేల్చండి. కష్టమైన సబ్జెక్టులు ఎప్పుడూ జూనియర్ల మెడకే చుట్టడం మన కాలేజీల్లో పాత జబ్బు. చివరికి ఒకే షీటు తయారు చేయండి: పేరు, థియరీ గంటలు, ల్యాబ్ గంటలు, అదనపు బాధ్యత. ఎన్‌బీఏ (కోర్సులకు గుర్తింపు ఇచ్చే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) కోఆర్డినేటర్, ప్లేస్‌మెంట్, టైమ్‌టేబుల్, వెబ్‌సైట్ పనులు కూడా ఆ షీటులో కనిపించాలి. మీ పేరు మొదటి వరసలో పెట్టి అందరికీ పంపండి. హెచ్‌ఓడీ ఒక థియరీ సబ్జెక్టైనా చెప్పకపోతే, ‘క్లాసుకు టైమ్‌కి వెళ్లండి’ అన్న మాటకు బరువుండదు.

హాజరు

జేఎన్‌టీయూహెచ్‌లో 75 శాతం ఉండాలి. 65కు పైన, 75కు లోపు ఉంటే తగిన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్‌కు (హాజరు కొరత మాఫీకి) వెళ్లొచ్చు. 65 కూడా లేకపోతే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలకు కూర్చోనివ్వరు. గొడవంతా చివరి జాబితా రోజునే వస్తుంది. తండ్రి వస్తాడు, వెనకే ఎవరో నాయకుడి ఫోన్ వస్తుంది. దీనికి మందు ముందే వేయాలి. నాలుగు వారాలకోసారి జాబితా తీసి, 75కు తగ్గినవాళ్లకు కౌన్సెలర్‌తో ఫోన్ చేయించండి. ఎప్పుడు చేశారు, ఎవరు ఎత్తారు, ఏమన్నారు అన్నది రిజిస్టర్‌లో రాయించండి. రెండోసారీ తగ్గితే తల్లిదండ్రులను పిలిపించి సంతకం తీసుకోండి. మూడో జాబితా నాటికి ఫైలు మీ చేతిలో ఉంటుంది. ఆ ఫైలు టేబుల్ మీద పెడితే ఎంత పెద్ద ఫోనుకైనా జవాబు చెప్పొచ్చు.

ఎన్‌బీఏ ఫైళ్లు

సీఓ (కోర్స్ అవుట్‌కమ్: ఒక సబ్జెక్టులో విద్యార్థి నేర్చుకోవాల్సింది), పీఓ (ప్రోగ్రామ్ అవుట్‌కమ్: మొత్తం డిగ్రీలో నేర్చుకోవాల్సింది) లెక్కలు ఎన్‌బీఏ బృందం విజిట్‌కు నెల ముందు రాత్రిళ్లు కూర్చుని చేసేవి కావు. ప్రతి మిడ్ పరీక్ష తర్వాత ప్రశ్నల వారీ మార్కులు ఎక్సెల్‌లో ఎక్కాలి, ప్రతి ప్రశ్న పక్కన ఏ సీఓ కిందికి వస్తుందో ఉండాలి. నేరుగా కొలిచినదానికి 80, సర్వేలకు 20 శాతం అని మీరు నిర్ణయించుకుంటే, ఒక సీఓకు 3కి గాను నేరుగా 2.2, సర్వేలో 2.5 వచ్చినప్పుడు తేలేది 1.76కు 0.5 కలిపి 2.26. లెక్క సులువే, చిక్కు వేరే చోట ఉంది. అఫిలియేటెడ్ కాలేజీకి యూనివర్సిటీ నుంచి మొత్తం మార్కులే వస్తాయి, ప్రశ్నల వారీగా రావు. కాబట్టి ఎక్స్‌టర్నల్ భాగం అన్ని సీఓలకూ ఒకేలా పడుతుంది. ఏ సీఓ బలహీనమో చెప్పేది మీ ఇంటర్నల్ పేపరే. జేఎన్‌టీయూహెచ్ 2022 నిబంధనలైన ఆర్22లో ఇంటర్నల్స్‌కు 40 మార్కులున్నాయి కనుక, మిడ్ పేపర్ కొట్టించేముందు సీఓ మ్యాపింగ్‌ను ఇంకొకరు సరిచూడాలి. అన్ని సీఓలకూ 3కి 3 వేసిన ఫైలును ఎన్‌బీఏ నిపుణులు నమ్మరు, వెంటనే ఆన్సర్ స్క్రిప్టులు తెమ్మంటారు. ఒక సీఓ లక్ష్యం అందకపోయినా ఫర్వాలేదు. తర్వాతి ఏడాది దానికి ఏం మార్చారో రాసి ఉండాలి.

మాటలు, మీటింగులు

డిపార్ట్‌మెంట్ మీటింగ్ 40 నిమిషాలు దాటించకండి. మినిట్స్‌లో పని, పేరు, తేదీ మూడూ ఉండాలి, మర్నాటికల్లా అందరికీ చేరాలి.

రిజల్ట్ తగ్గినవాళ్లతో మీటింగ్‌లో కాదు, గదిలో ఒంటరిగా మాట్లాడండి. ‘మీ సెక్షన్ రిజల్ట్ ఏంటి మేడమ్ ఇలా ఉంది?’ అని మొదలుపెడితే సంజాయిషీలే వస్తాయి. ‘మేడమ్, మూడో యూనిట్ ప్రశ్న 60 మందిలో 38 మంది వదిలేశారు, అక్కడ ఏమైంది?’ అనండి, విషయం బయటపడుతుంది. మీకంటే సీనియర్ మీ కింద పనిచేస్తుంటే పని పురమాయించేముందు ఆయన గదికి మీరే వెళ్లండి. డెడ్‌లైన్ మాత్రం ఆయనకూ అందరికీ ఒకటే.

లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే రాజీ చేయబోకండి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం మంచి ఉద్దేశంతో చేసినా తప్పే. 2013 చట్టం ప్రకారం అది ఇంటర్నల్ కమిటీ పని. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి కాబట్టి, రాయడానికి ఆ అమ్మాయికి సాయం చేసి అదే రోజు కమిటీకి చేర్చండి. స్టాఫ్ రూమ్‌లో ఆ పేరు ఎత్తకండి.